ఇకా వినాకా

మరిడమ్మ నోటికి దొర కూడా భయపడతాడని సుంగై కెలాపా తోటలో చెప్పుకొనేవారు. అది ఉత్త మాట. దొరకు తెలుగు రాదు, ఆమె ఏమన్నా టోపీ సర్దుకొని నవ్వుతూ పోయేవాడు. ఆ నోటికి నిజంగా భయపడినవాడు ఒక్కడే, ఆమె మొగుడు కూర్మయ్య.

కూర్మయ్య తప్పెటగుళ్ళ గురువు. గురువంటే పెద్ద బిరుదేమీ కాదు లెండి. పొద్దున్నే రబ్బరు చెట్లు గీసి, పాలు మోసి, చేతులు కడుక్కున్నాకే ఆ గురుత్వం. గుండ్రటి రేకు తప్పెట గుండెల మీద కట్టుకొని, కాళ్ళకు గజ్జెలు చుట్టి, రెండు చేతులా వాయిస్తూ గంతులేస్తూ పాడే ఆట అది. వాళ్ళ తాత విజయనగరం దిక్కు నుంచి ఓడెక్కి మలాయి దేశంలోని బాగన్ దాతుక్ కొబ్బరితోటలకు వచ్చినప్పుడు ఆ తప్పెట చంకన పెట్టుకొనే దిగాడట. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి దక్కి, చివరికి జోహోరులో బాతు పహాత్ దగ్గరున్న ఈ తోటకు వచ్చి చేరింది.

అతని పాటల్లోకల్లా పెద్దది ఆవు పాట. మందలోంచి తప్పిపోయిన తెల్లావును గొల్లవాడు ఏరు దాటి వెతుక్కొనే కథ. తండ్రి నేర్పింది తెల్లావే. కూర్మయ్య మాత్రం మూడో చరణానికి వచ్చేసరికి ఎందుకో ఎప్పుడూ 'ఎర్రావు' అనేసేవాడు. నోరు అలా తిరిగిపోయాక మళ్ళీ దారికి రాలేదు. ఆవు రంగు మారిందని అతని జట్టువాళ్ళు కూడా కనిపెట్టలేదు గనక, ఆ తప్పు తనకొక్కడికే తెలుసునని అతని ధైర్యం.

పాట ముగించి చెమట తుడుచుకొని, "ఎలాగున్నాదే?" అని పెళ్ళాన్ని అడగడం అతని అలవాటు. ఆమె ఎప్పుడూ అతని వైపు వీపు పెట్టి బియ్యంలో రాళ్ళేరుతూ కూచునేది. పాడినావా, తలుపు కిర్రుమంటున్నాదనుకున్నాను అనేది ఒకరోజు. ఇంకోరోజు, పక్కింటి గుంట ఏడుస్తున్నాది, పోయి దానికి వినిపించు, బయంతో నోరు మూస్తాది అనేది. లయన్లో, అంటే కూలీల ఇళ్ళ వరసలో, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నవ్వులే. నిజం చెప్పాలంటే మరిడమ్మకు ఆ పాటంటే ప్రాణం. అతను గొంతెత్తాక ఆమె ఏరిన బియ్యంలో రాళ్ళు ఎక్కడివక్కడే ఉండేవి. అన్నంలో రాయి తగిలినా కూర్మయ్యకు ఆ సంగతి తట్టేది కాదు, మగవాడు కదా. మొగుణ్ణి మొహం మీద పొగిడితే చెడిపోతాడని ఆమె పుట్టింటివాళ్ళు చెప్పి పంపారు, ఆమె ఆ మాట మీదే కాపురం చేసింది.

ఇంతలో దొరల ప్రభుత్వం పెట్టిన ఎమర్జెన్సీ వచ్చిపడింది. అడవిలో కమ్యూనిస్టులు, అడవి అంచున సోల్జర్లు, మధ్యలో మన తోట. చుట్టూ ముళ్ళకంచె కట్టారు. చీకటి పడకముందే గేటుకు తాళం. బియ్యం కొలిచి ఇచ్చేవారు, మాంసం సంగతి దేవుడెరుగు. తప్పెట మోగిస్తే అడవిలోవాళ్ళకు కబురు పంపుతున్నారనుకుంటారని ఆఫీసులో లెక్కలు రాసే కిరాణి శివలింగం అరవంలో బెదిరించి పోయాడు. కూర్మయ్య తప్పెటను గుడ్డలో చుట్టి, గొంతు తగ్గించి గదిలోనే పాడుకునేవాడు. మరిడమ్మ వీపు తిప్పుకొని వినేది.

అలాంటి రోజుల్లో ఫిజీ దేశపు సోల్జర్లు వచ్చి తోట పక్కనే డేరాలు వేశారు. ఒక్కొక్కడూ తలుపంత మనిషి, నెత్తిన గుబురు జుట్టు. ఆదివారం పూట అందరూ కలిసి పాడితే డేరా గుడ్డలు అదిరేవి. వాళ్ళలో వైసాకే అనే కార్పొరల్ గేటు కాపలాకు వచ్చేవాడు. ఆ పేరు మనవాళ్ళ నోట్లో ఒక్క పూట కూడా నిలవలేదు, సాయంత్రానికల్లా వైశాఖం అయిపోయింది.

ఒకరోజు మరిడమ్మ తమ్ముడు కన్నబాబు ఆఫీసు దగ్గర్నుంచి పరుగున వచ్చాడు. శనివారం మధ్యాహ్నం ఫిజీవాళ్ళు మైదానంలో మేక చేస్తారట, తోటలో వాళ్ళందరినీ రమ్మన్నారట. కిరాణి నోటి మాటే, తన చెవులతో విన్నాడట. మేక అనేసరికి లయన్లన్నీ లేచి కూచున్నాయి. మేక ముక్క నోట పడి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు. మేకతో పాటు లాలి కూడా తెస్తారని కన్నబాబు అన్నప్పుడు మాత్రం అందరికీ కాస్త సందేహం వచ్చింది. అంతంత మగాళ్ళకు లాలి ఎందుకని అడిగితే, కోసేముందు మేకకు జోల పాడడం వాళ్ళ ఆచారమై ఉంటుందని కూర్మయ్య తేల్చిచెప్పాడు. ఆటపాటల సంగతి తెలిసినవాడు కదా, అందరూ నమ్మారు.

శనివారం మధ్యాహ్నం మైదానానికి తెలుగు లయన్ మొత్తం గిన్నెలతో దిగింది. మరిడమ్మ మసాలా కూడా నూరి ఆకులో కట్టి తెచ్చింది. ఉడికించేది ఫిజీవాళ్ళయినా, ఉప్పూకారం సంగతి వాళ్ళకేం తెలుసునని ఆమె అనుమానం. శివలింగం ఆ గిన్నెలను చూసి కాసేపు అర్థంకాక నిలబడ్డాడు. అర్థమయ్యాక కుర్చీ పట్టుకొని నవ్వాడు. వాళ్ళ భాషలో 'మెకె' అంటే ఆటా పాటా, 'లాలి' అంటే దుంగను తొలిచి చేసిన డోలు. కన్నబాబు కోసం అందరూ వెతికారు. అతను అప్పటికే చైనా వాళ్ళ కొట్టు వెనక్కి పోయాడు.

చేసేదేముంది, గిన్నెలు బోర్లించి వాటి మీదే కూచున్నారు. లాలి మీద దెబ్బ పడింది. ఆ దెబ్బ చెవికి కాదు, కూచున్న గిన్నెకు ముందు తగిలింది. ఆకులతో అల్లిన లంగాలు కట్టుకొని, మొహాలకు మసి పూసుకొని, చేతుల్లో గదల్లాంటి కర్రలతో సోల్జర్లు వరసగా వచ్చారు. ఒక పక్క కొందరు గుంపుగా నేల మీద కూచొని పాట ఎత్తుకున్నారు. ఒకడు సన్నగా అందుకుంటే మిగతావాళ్ళు కింద గొంతుతో మోసేవాళ్ళు. బోలు వెదురుగొట్టాలు నేలకేసి కొడుతుంటే, అరచేతులు దొప్పల్లా చేసి చప్పట్లు చరుస్తుంటే, అంత లావు మనుషులూ ఒక్కసారే ఎగిరి ఒక్కసారే నేల తొక్కారు. మేక మాట అందరూ మరిచిపోయారు.

కూర్మయ్య వేళ్ళు మరిడమ్మ గిన్నె మీద ఆడుతున్నాయి. ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది. వైసాకే చూశాడు. ఆట ముగిశాక నేరుగా వచ్చి రమ్మని చెయ్యి చాచాడు. కూర్మయ్య ఇంటికి పరిగెత్తి గుడ్డ విప్పి తప్పెట తెచ్చుకున్నాడు. దొర తల ఊపాడు, కిరాణి నోరు మూసుకున్నాడు. ఎన్నాళ్ళకో తప్పెట మోగింది.

కూర్మయ్య ఆవు పాట ఎత్తుకున్నాడు. గజ్జెలు లేకపోయినా కాళ్ళు నేల మీద నిలవలేదు. మొదటి చరణం అయిందో లేదో, ఫిజీవాళ్ళంతా దొప్ప చేతులతో చప్పట్లు చరుస్తూ ఒకే గొంతుతో అరిచారు.

"వినాకా! వినాకా!"

కూర్మయ్య చేతులు గాలిలో ఆగిపోయాయి. అతనికి వినబడింది 'వినక'. వినకండి అంటున్నారు, వినేది లేదంటున్నారు, అదీ తెలుగులో. కొట్టు వెనక నుంచి అప్పుడే తిరిగొచ్చిన కన్నబాబు ఊరుకుంటే బాగుండేది.

"అప్పా, సోల్జర్లకి ఈ మాట నువ్వే నేర్పినావా?" అని అక్క వైపు తిరిగి కేకేశాడు.

తెలుగు లయన్ పొట్టలు పట్టుకొని నవ్వింది. మరిడమ్మ కూడా నవ్వింది. నవ్వొచ్చింది, నవ్వింది, అంతే. కానీ ఆ నవ్వుతున్న మొహాన్ని కూర్మయ్య చూశాడు. తప్పెట విప్పుకొని, వైసాకే వెంట పడి పిలుస్తున్నా ఆగకుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆమె ఇల్లు చేరేసరికి తప్పెట నీళ్ళకుండ మీద బోర్లించి ఉంది. కుండకి మూత నేదన్నావు కదా, ఇదుగో అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, అందుకే ఆమెకు భయం వేసింది. ఆనాటితో పాట ఆగిపోయింది.

మొదట్లో మరిడమ్మ పట్టించుకోలేదు. అలక ఎన్నాళ్ళుంటుంది, ఆకలేస్తే దిగొస్తాడనుకుంది. ఆకలికి దిగొచ్చాడు, అన్నం తిన్నాడు, పాట మాత్రం రాలేదు. నీళ్ళకోసం కుండ మూత తీసిన ప్రతిసారీ రేకు ఖణేల్‌మని మోగేది. ఆ మోతకు అతను లేచి బయటికి పోయేవాడు. ఆమె బియ్యం శుభ్రంగా ఏరడం మొదలుపెట్టింది. అన్నంలో ఒక్క రాయి తగలడం లేదు, దానికే ఆమెకు ఏడుపు వచ్చేది.

కొన్నాళ్ళకు వైసాకే చేపలు పట్టుకొని వాళ్ళ గుమ్మంలోకి వచ్చాడు. సెలవు రోజున ఏటి మొగలో వల వేసి తెచ్చాడట. ఇద్దరికీ కలిసొచ్చిన భాష సంతలో మాట్లాడే మలాయి ముక్కలే. కూర్మయ్య ఇంట్లో లేడు. మరిడమ్మ చింతపండు పులుసు పెట్టి ఆకు వేసింది. అతను పెద్ద ముద్ద నోట్లో పెట్టుకొని, కళ్ళు మూసి, చేప ముక్కను చూపిస్తూ అన్నాడు.

"ఇకా వినాకా."

ఆమెకు ఒళ్ళు మండింది. ఇక వినక అంటాడేమిటి, తిండి తింటూ? గరిటె ఎత్తి మళ్ళీ ఆగింది. మలాయిలో చేపను ఇకన్ అంటారు. ఇతను చేపను చూపించి ఇకా అంటున్నాడు. అయితే ఇకా అంటే చేపే. మిగిలింది వినాకా. చేపల పులుసులో వినేదేముంది, వినకపోయేదేముంది? ఆమె అన్నం చూపించింది. "వినాకా" అన్నాడు. గుమ్మం ముందు నీడ చూపించింది. "వినాకా" అన్నాడు. కొట్లో కొన్న ఎండుచేప, పురుగుపట్టింది, తెచ్చి ముక్కు దగ్గర పెట్టింది. అతను మొహం తిప్పేసి చెయ్యి అడ్డంగా ఊపాడు. మరిడమ్మ అక్కడే పీట మీద కూలబడిపోయింది. ఆరోజు అంతమంది మగాళ్ళు ఆమె మొగుడి పాట బాగుంది, బాగుంది అని అరిచారు. తను ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనని మాట, ఎక్కడివాళ్ళో సముద్రాలు దాటొచ్చి అన్నారు.

ఇంటికి రాగానే కూర్మయ్యకు సంగతంతా చెప్పింది.

"అది తిట్టు కాదు మావా. బాగున్నాదన్నారు, నీ పాట బాగున్నాదన్నారు."

కూర్మయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఎటకారం ఆడినావు, పడినాను. ఇప్పుడు జాలి కూడానా?" అన్నాడు.

ఒట్టు పెట్టింది, వినలేదు. చేపల పులుసు సంగతి చెప్పింది, చివరికి పులుసును కూడా సాక్షిగా తెచ్చిందని లయన్లో నవ్వులపాలైంది. వైసాకేనే పిలిపించింది. అతను పాపం టోపీ తీసి, రెండు చేతులూ దొప్పలు చేసి చరిచి, మనస్ఫూర్తిగా "వినాకా" అన్నాడు. కూర్మయ్య లేచి వెళ్ళిపోయాడు. ఎన్నో ఏళ్ళుగా వేళాకోళమే ఆడిన నోరు నిజం చెబితే ఎవడు నమ్ముతాడు? మరిడమ్మకు తన నోటి మీద తనకే మొదటిసారి కోపం వచ్చింది. తర్వాత ఫిజీవాళ్ళు డేరాలు పీకి వాళ్ళ దేశం పోయారు. ఆ మాటకు అర్థం చెప్పగల మనిషి తోటలో ఆమె ఒక్కతే మిగిలింది.

కంచె కట్టిన దొరల రాజ్యం పోయి మెర్దేకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది. కౌలాలంపూర్‌లో కొత్త జెండా ఎగిరిన రోజే తోట మైదానంలోనూ ఎగరేశారు. పక్క పల్లె కంపోంగ్ నుంచి మలాయిలు, కొత్త ఊరి నుంచి చైనావాళ్ళు, అరవలు, తెలుగులు, అందరూ తలా ఒక ఆట చూపించాలని శివలింగం ఇల్లిల్లూ తిరిగాడు. తప్పెట వద్దని బెదిరించిన నోటితోనే కూర్మయ్యను బతిమాలాడు. కూర్మయ్య రానన్నాడు. ఇంట్లో కుండకు మూత లేదట, తప్పెట ఇవ్వడం కుదరదట.

మరిడమ్మ ఆరోజు పిల్లలకు పంచడానికి కుండెడు మజ్జిగ చేసి మైదానానికి మోసుకెళ్ళింది. కుండ మీద మూత ఆ తప్పెటే. కావాలని తెచ్చిందా అంటే, ప్రమాణపూర్తిగా కాదు, ఇంట్లో ఇంకో మూత లేదు. కూర్మయ్య దూరంగా రబ్బరు చెట్టుకు ఆనుకొని నిలబడ్డాడు. చైనావాళ్ళ సింహం వేషం ఆడింది. మలాయి కుర్రాళ్ళు సిలాట్ సాము చేశారు. అరవల కరగం ఆట అయింది. శివలింగం తెలుగువాళ్ళను పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాడు. జట్టువాళ్ళు గురువు వైపు చూశారు, గురువు నేల వైపు చూశాడు. ఈరోజు మోగకపోతే తాతతో ఓడ దిగిన ఆ రేకు ఇక జన్మంతా కుండ మీదే ఉండిపోతుందని మరిడమ్మకు తెలిసిపోయింది.

ఆమె మూత తీసింది. అంచున కారుతున్న మజ్జిగను కొంగుతో తుడిచి, తప్పెటను పొట్టకు ఆనించుకొని మైదానం మధ్యకు నడిచింది. కన్నబాబు ఏదో అనబోయాడు. ఆమె చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు.

ఆడది తప్పెట పట్టడం ఎవరూ చూడలేదు, జనం నవ్వడానికి సిద్ధమయ్యారు. ఆమె వాయింపు వాయింపేమీ కాదు, అప్పడాలు చరిచినట్టుంది. గొంతు వణికింది. కానీ మాట తప్పలేదు.

"మందలో తెల్లావు మాయమైందీ... మావయ్యా, ఏరు దాటి వెతుకు..."

మొదటి చరణం పాడింది. కూర్మయ్య ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో అక్కడే తీసుకుంది. ఎక్కడ సాగదీస్తాడో అక్కడే సాగదీసింది. రెండో చరణంలో అతను వేసే హుంకారం కూడా వేసింది, దానికి పిల్లలు నవ్వారు. రబ్బరు చెట్టు దగ్గర కూర్మయ్య తల ఎత్తాడు. మూడో చరణం వచ్చింది.

"ఏటి గట్టు మీద ఎర్రావు నిలిచిందీ..."

కూర్మయ్య నిటారుగా అయిపోయాడు. ఎర్రావు. తండ్రి పాటలో లేని ఆవు. తనకు తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియని ఆవు. రోజూ వీపు తిప్పుకొని బియ్యమేరిన మనిషి, తలుపు కిర్రుమన్నాదన్న మనిషి, ఆవు రంగుతో సహా విన్నది. అతనికి కళ్ళు మసకబారాయి. జనాన్ని తోసుకొంటూ మైదానం మధ్యకు వచ్చేశాడు.

"ఎప్పుడిన్నావే ఇదంతా?" అన్నాడు.

"నానేటీ విన్నేదు. రాళ్ళేరుకున్నాను," అంది మరిడమ్మ. తప్పెటను అతని గుండెల మీద తనే కట్టింది, ముడి రెండుసార్లు జారింది.

కూర్మయ్య పాట మొదటి నుంచి ఎత్తుకున్నాడు. జట్టువాళ్ళు దొరికిన పళ్ళేలు పట్టుకొని వచ్చి వెనక నిలబడ్డారు. ఎగిరి దూకితే మజ్జిగ చుక్కలు ముందు వరసలో కూచున్న శివలింగం చొక్కా మీద పడ్డాయి. కిరాణి తుడుచుకోలేదు. మరిడమ్మ తన కుండ దగ్గరికి పోయి కూచుంది, ఈసారి మొగుడి వైపు తిరిగి.

పాట ముగిసింది. కూర్మయ్య ఆయాసపడుతూ, చెమట తుడుచుకుంటూ, అంతమంది జనంలో ఆమె ఒక్కదాని వైపే చూశాడు. పాత ప్రశ్నే, ఈసారి అడగడానికి మాత్రం భయపడుతున్నాడు.

మరిడమ్మ రెండు అరచేతులూ దొప్పలు చేసి గట్టిగా చరిచింది.

"వినాకా," అంది.

తెలుగు లయన్ మొత్తం మళ్ళీ గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వినవాడు కూర్మయ్యే.